కాశీలో మందుల కిటికీ

సికింద్రాబాద్‌లో పొద్దున దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి మొగల్‌సరాయ్‌లో దిగవచ్చు. స్టేషన్ పేరు 2018లో దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌గా మారినా కాశీకి వెళ్ళే మనవాళ్ళ నోట అది ఇంకా మొగల్‌సరాయే. ఆ బండిలో రెండు రకాల జనం ఎక్కువ. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టి సొంతూరికి పోతున్న బీహారు కూలీలు ఒకరు. అమ్మానాన్నలకు పిండాలు పెట్టడానికి పులిహోర పొట్లాలతో బయల్దేరిన తెలుగువాళ్ళు మరొకరు. మార్చి మొదటి వారంలో అక్కయ్యా నేనూ ఆ రెండో గుంపులో ఉన్నాం.

అక్కయ్యకు అది అమ్మానాన్నల ఋణం తీర్చుకునే యాత్ర. నాకు దానితో పాటు ఇంకో పని ఉంది. నేను ఫార్మసిస్టును. 1993లో పాలిటెక్నిక్‌లో డి.ఫార్మసీ ముగించాను. 1996 నుంచి గోదావరి జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో మందుల కిటికీ వెనక నిలబడుతున్నాను. మన దేశంలో ఫార్మసీ ఒక విశ్వవిద్యాలయ చదువుగా మొదలైంది కాశీలోనే, 1932లో, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో. ఆ చోటు ఒక్కసారి కళ్ళతో చూడాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. మూడేళ్ళ కిందట ఏం జరిగిందో చెబితే తప్ప ఈ ప్రయాణం అర్థం కాదు.

నా కిటికీకి వచ్చిన ఒక పెద్దాయనకు డెబ్భై దాటి ఉంటాయి. కీళ్ళవాతం. డాక్టరు గారు రెండు మందులు రాశారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు, ఫోలిక్ యాసిడ్ మిగతా రోజుల్లో. రెండూ చిన్న బిళ్ళలే, రెండూ పసుపు రంగువే. వారానికి ఒకసారి వేసుకోవలసినది రోజూ వేసుకుంటే మందే విషమవుతుంది. నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి. ఆ రోజు నా కిటికీ ముందు వరస వరండా దాటి ఎండలోకి పోయింది. "ఇది వారానికొకటి తాతగారూ, ఇది రోజూ" అన్నాను. ఆయన తలూపాడు. తలూపాడు కాబట్టి అర్థమైందనుకున్నాను. రెండు వారాలు తిరక్కుండానే వచ్చి, "పసుపు బిళ్ళలు అయిపోయాయమ్మా" అన్నాడు. ఎక్కడో పారేసుకుని ఉంటాడనుకుని ఇంకో షీటు ఇచ్చాను. ఏ పసుపు బిళ్ళ, ఎందుకంత తొందరగా అయిపోయింది అని అడగలేదు.

ఆ పై వారం ఆయన్ని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. నోరంతా పుళ్ళు, మంచినీళ్ళు కూడా మింగలేని స్థితి. పెద్దాసుపత్రిలో ఇరవై రోజులుండి ప్రాణంతో బయటపడ్డాడు. ఆయన కూతురు నన్ను తిట్టలేదు. ఖాళీ షీట్లు రెండూ నా బల్ల మీద పెట్టి, "మీరు చెప్పింది మా నాన్నకు తిరగబడిందమ్మా" అంది. అంతే.

ఆ రాత్రి నా సర్టిఫికెట్లు తీసి చూసుకున్నాను. డి.ఫార్మసీ రెండేళ్ళ చదువయ్యాక ఐదు వందల గంటలు శిక్షణ పొందాలి. అందులో కనీసం 250 గంటలు చీటీ చూసి మందులివ్వడంలోనే గడపాలి. నేను గడిపాను. గంటల లెక్క సరిపోయింది, సంతకం పడింది. ఆ గంటల్లో నాకు బిళ్ళలు లెక్కపెట్టడం వచ్చింది, స్టాకు పుస్తకం రాయడం వచ్చింది, డాక్టర్ల చేతిరాత చదవడం వచ్చింది. "నువ్వు చెప్పింది వాళ్ళ చేత తిరిగి చెప్పించుకో" అని మాత్రం ఎవరూ అనలేదు. అనవలసినవాళ్ళకు కూడా ఎవరైనా చెప్పి ఉండాలి కదా.

రామగుండం దాటాక గోదావరి వచ్చింది. అక్కయ్య కిటికీలోంచి రూపాయి విసిరి దండం పెట్టుకుంది. మా ఎదురు సీటులో ముడుచుకుని పడుకున్న కుర్రాడు ఆ చప్పుడుకి లేచాడు. దర్భంగా నుంచి వచ్చి సెంట్రింగు పని చేస్తున్నాడట. జ్వరం, ఒళ్ళునొప్పులు. బస్తీలో ఎవరో ఇచ్చారని ఒక కాగితం పొట్లం విప్పాడు. నాలుగు రకాల బిళ్ళలు, పేర్లున్న చోటు కత్తిరించేసిన షీటు ముక్కలు. ఒకటి పారాసెటమాల్ అని అంచున మిగిలిన అక్షరాలు చెప్పాయి. మిగతా మూడూ ఏమిటో నాకు తెలియలేదు. రంగూ ఆకారమూ చూసి మందు పేరు పట్టడం ఏ చదువూ నేర్పదు, నేర్పకూడదు కూడా. నాకొచ్చిన హిందీలో, ఎలా వేసుకుంటున్నావని అడిగాను. పొట్లంలో మూడు రోజులకు సరిపడా మందుంది. జ్వరం తొందరగా తగ్గాలని పొద్దున రెండు పూటలవి ఒకేసారి మింగాడట. ఆ మూడూ ఇక వేసుకోవద్దని, రాత్రి దాకా పారాసెటమాల్ జోలికీ పోవద్దని, ఊరు చేరగానే ఆసుపత్రిలో ఈ పొట్లం చూపించమని చెప్పాను. చెప్పి ఊరుకోలేదు. "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అన్నాను. మొదటిసారి తప్పు చెప్పాడు. రెండోసారి సగం చెప్పాడు. మూడోసారి వేళ్ళు మడిచి లెక్కపెడుతూ సరిగ్గా చెప్పాడు. ఇదంతా నాలుగు నిమిషాల పని. తాతగారికి నేనివ్వలేకపోయిన నాలుగు నిమిషాలు.

పై బెర్తు మీద నుంచి ఇదంతా చూస్తున్న అబ్బాయి కిందికి దిగాడు. నల్గొండ వైపు వాడు. హైదరాబాద్ శివార్లలో బి.ఫార్మ్ చదివి, బనారస్‌లో ఎం.ఫార్మ్ చేస్తున్నాడు, సెలవయ్యాక తిరిగి వెళ్తున్నాడు. నేను చూడాలనుకున్న చోటు నుంచే వచ్చినట్టయింది. అతని అక్క ఫార్మ్.డి చేసిందట. 2008లో మన దేశంలో మొదలైన ఆరేళ్ళ కోర్సు అది. ఐదేళ్ళు చదువు, ఒక ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. వార్డుల్లో డాక్టరు పక్కన నిలబడి మందుల మంచిచెడ్డలు చూడటానికి తయారైన పిల్ల. ఇప్పుడు హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టులో కూర్చుని, విదేశీ రోగులకు మందుల వల్ల వచ్చిన ఇబ్బందుల రిపోర్టులు కంప్యూటర్లో ఎక్కిస్తోంది. "ఆసుపత్రుల్లో పోస్టులు లేవు మేడమ్. మా క్లాసులో కూడా కొందరు కోడింగ్‌కి పోయారు, కొందరు కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్‌కి. మందుల షాపులో నిలబడతానన్నవాడు ఒక్కడూ లేడు. నిలబడితే ఇంట్లో ఊరుకోరు కూడా" అన్నాడు.

అతనికి తాతగారి సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నాడు. "ఆ రెండు బిళ్ళలూ ఒకే ల్యాబ్ నుంచి వచ్చాయి కదా మేడమ్. మీ భీమవరం ఆయన ల్యాబ్."

యల్లాప్రగడ సుబ్బారావు గారు భీమవరంలో పుట్టారని మా జిల్లాలో బడిపిల్లలకు కూడా తెలుసు. కాని ఈ ముడి నేనెప్పుడూ వేసుకోలేదు. 1940లలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. శరీరంలో ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడే మందులనూ అక్కడే తయారుచేశారు. మెథోట్రెక్సేట్ ఆ వరసలోదే. అందుకే ఒకదాని దెబ్బను తగ్గించడానికి రెండోదాన్ని రాస్తారు. ఒకే ఇంటి నుంచి బయల్దేరిన ఆ రెండు బిళ్ళలు లోకమంతా తిరిగి, గోదావరి గట్టున ఒక కిటికీ దగ్గర తారుమారయ్యాయి. తప్పు మందుది కాదు, డాక్టరుది కాదు. చివరి మూరెడు దూరంలో, నా చేతి నుంచి ఆయన చేతికి మధ్యలో జరిగింది.

సుబ్బారావు గారి గురించి మావైపు ఇంకో ముచ్చట చెబుతారు. పదమూడేళ్ళ వయసులో ఇల్లు విడిచి కాశీకి బయల్దేరాడట, యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని డబ్బు సంపాదిద్దామని. ఇంటివాళ్ళు పట్టుకొచ్చి మళ్ళీ బడిలో వేశారట. మర్నాడు ఆటోలో రాజ్‌ఘాట్ దగ్గర గంగ దాటుతుంటే అదే గుర్తొచ్చింది. కింద రైలు, పైన రోడ్డు ఉన్న ఆ వంతెన 1887 నాటిది. స్వతంత్రం వచ్చాక దానికి మాలవీయ పేరు పెట్టారు. నేను వెతుక్కుంటూ వచ్చిన విశ్వవిద్యాలయాన్ని కట్టినాయన పేరు కాశీ గుమ్మంలోనే ఎదురైంది.

పాండే హవేలీ దగ్గర ఒక తెలుగు సత్రంలో దిగాం. మర్నాడు కేదార ఘాట్‌లో స్నానం, పిండప్రదానం, విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి. అక్కయ్య ఆనవాయితీ ప్రకారం ఒక కాయా ఒక పండూ వదిలేసింది. మెట్ల మీద కూర్చుని నేను పాత యాత్రికుల్ని తలచుకున్నాను. ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరింది 1830 మే నెలలో. సరిగ్గా నూరేళ్ళకు, 1930 ఆగస్టులో, ఇంకో ప్రయాణం మొదలైంది. దేశంలో అమ్ముడవుతున్న మందుల సంగతి తేల్చమని ప్రభుత్వం కల్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. ఆయన కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో ఫార్మకాలజీ ఆచార్యుడు. సంఘం దేశమంతా విచారించి 1931లో నివేదిక ఇచ్చింది. మలేరియాకు ప్రాణాధారమైన క్వినైన్‌లో కూడా కల్తీ. మందులు అమ్మేవాడికి ఏ చదువూ ఉండనక్కర్లేదు, అడిగే చట్టమే లేదు. మందులకు ఒక చట్టం, మందులిచ్చే మనిషికి చదువూ రిజిస్ట్రేషనూ ఉండాలని సంఘం చెప్పింది. మందుల చట్టం రావడానికి 1940 దాకా పట్టింది. మనిషి సంగతి చూసే ఫార్మసీ చట్టానికి 1948 దాకా ఆగవలసి వచ్చింది. మందుకు తొమ్మిదేళ్ళు, మనిషికి పదిహేడేళ్ళు. ఆ వరస మనకు ఇప్పటికీ మారలేదు.

చట్టం కోసం ఆగకుండా చదువు మొదలుపెట్టిన మనిషి మహాదేవ లాల్ ష్రాఫ్. 1902 మార్చి 6న దర్భంగాలో పుట్టాడు. బండిలో పేర్లు కత్తిరించిన బిళ్ళలు మింగిన కుర్రాడిదీ దర్భంగాయే. అమెరికాలో చదువుకుని వచ్చిన ష్రాఫ్, మదన్ మోహన్ మాలవీయ అండతో బనారస్‌లో 1932లో ఔషధ రసాయనశాస్త్రాన్ని బి.ఎస్సీలో ఒక పాఠంగా ప్రవేశపెట్టాడు. 1937 నాటికి అది మూడేళ్ళ బి.ఫార్మ్ అయింది. 1939లో ఫార్మసీకి ఒక పత్రికను కూడా ఆయనే మొదలుపెట్టాడు. ఈ వృత్తికి తనదంటూ పత్రిక, సంఘం, డిగ్రీ ఉండాలని ఆయన పట్టు.

మూడో రోజు పొద్దున లంకా కూడలి దగ్గర విశ్వవిద్యాలయం సింహద్వారం ముందు నల్గొండ అబ్బాయి నాకోసం ఎదురుచూస్తున్నాడు. లోపల వేపలూ మామిళ్ళూ, అర్ధచంద్రాకారంలో తిరిగే రోడ్లు, గోధుమ రంగు మీద ఎర్ర అంచులున్న పాత భవనాలు. ఫార్మసీ ఇప్పుడు అక్కడి ఐఐటీలో ఉంది. విభాగం పేరు ఫార్మస్యూటికల్ ఇంజినీరింగ్ అండ్ టెక్నాలజీ. వసారాలో చెప్పులు విడవబోతే ఆ అబ్బాయి, "వద్దు మేడమ్, గుడి కాదు" అన్నాడు. విడిచే నడిచాను. ఒక గదిలో పిల్లలు యంత్రం తిప్పుతూ బిళ్ళలు అచ్చు వేస్తున్నారు. చేతిలో ఒకటి పెట్టారు, ఇంకా వేడిగా ఉంది.

విభాగం పేరులోనే ఉన్న ఇంజినీరింగ్ అన్న మాట గురించి చాలాసేపు ఆలోచించాను. దాన్ని తప్పుపట్టలేను. ష్రాఫ్ నాటికి కావలసింది కల్తీ పట్టుకునేవాళ్ళు, మందు తయారుచేసేవాళ్ళు. చదువంతా ప్రయోగశాల వైపు, కర్మాగారం వైపు వాలింది. ఆ దారిలోనే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1951లో ఫార్మసీ చదువు పెట్టింది. ఆ దారిలోనే 1960లలో హైదరాబాద్‌కు ఐడీపీఎల్ వచ్చింది. అక్కడ పని నేర్చినవాళ్ళు బయటికొచ్చి కంపెనీలు పెట్టారు. ఇవాళ మన బాలానగర్, జీడిమెట్ల, పాశమైలారం పేర్లు విదేశీ మందుల కంపెనీలకు కూడా తెలుసు. లోకానికి చవకగా మందు చేసి పెట్టే జనాన్ని ఈ దేశం తయారుచేసుకుంది. అందుకు ఆ వసారాకు నేను రుణపడి ఉన్నాను.

కాని ఆ మందును మనిషి నోటిదాకా చేర్చేవాడి సంగతి? 1948 చట్టం 42వ సెక్షన్, డాక్టరు చీటీ మీద మందివ్వడం రిజిస్టరైన ఫార్మసిస్టు పనే అంది. చాలినంతమంది లేరు కాబట్టి, అనుభవమున్న కాంపౌండర్లను మొదటి రిజిస్టర్లో చేర్చుకున్నారు. అది అప్పటి అవసరం. ఆ తరువాత కాలేజీలు వచ్చాయి, సీట్లు పెరిగాయి, సర్టిఫికెట్లు షాపు గోడలకెక్కాయి. ఎన్నో చోట్ల గోడ మీద ఒకరి పేరుంటుంది, కౌంటర్లో ఇంకొకరుంటారు. మందివ్వడమంటే మాట్లాడటం కూడా అని నిబంధనల్లో గట్టిగా రాసుకోవడానికి 2015 దాకా పట్టింది. డి.ఫార్మసీ పాఠ్యప్రణాళికను 2020లో మార్చి సోషల్ ఫార్మసీ, కమ్యూనిటీ ఫార్మసీ అన్న పాఠాలు పెట్టారు. చదువు ముగించినవాళ్ళు రిజిస్టరయ్యే ముందు మూడు పేపర్ల ఎగ్జిట్ పరీక్ష రాయాలని 2022లో నిబంధన తెచ్చారు. ఇవన్నీ మంచివే. నా ముందుతరానికీ నాకూ దొరకనివి. అయినా పేపరు మీద టిక్కు పెట్టినంత మాత్రాన, తలూపుతున్న తాతగారికి అర్థం కాలేదని కనిపెట్టడం వస్తుందా?

జపాన్‌లో ఇదే ప్రశ్న వేసుకుని 2006లో ఫార్మసిస్టుల చదువును నాలుగేళ్ళ నుంచి ఆరేళ్ళకు పెంచారు. అక్కడి పిల్లలు పదకొండు వారాలు ఆసుపత్రిలో, పదకొండు వారాలు మందుల షాపులో పని నేర్చుకోవాలి. అందులో అడుగుపెట్టే ముందే ఒక పరీక్ష ఉంటుంది. రోగిలా నటించే మనిషిని ఎదురుగా కూర్చోబెడతారు. అతనితో ఎలా మాట్లాడుతున్నారో చూసి మార్కులేస్తారు. అంతర్జాతీయ ఫార్మసీ సమాఖ్య 2016లో నాన్‌జింగ్‌లో జరిపిన సభలో పదమూడు లక్ష్యాలు పెట్టుకుంది. చదువు చెప్పే సంస్థల దగ్గర మొదలుపెట్టి, ఉద్యోగంలో ఉన్నవాళ్ళు జీవితమంతా నేర్చుకుంటూ ఉండటం దాకా అన్నీ అందులో ఉన్నాయి. వాటి సారం నాకు ఒకటే అనిపిస్తుంది. ముందు జనానికి ఏం కావాలో చూడు, దానికి తగ్గ మనిషిని తయారుచెయ్యి, తయారైన మనిషికి పనీ గౌరవమూ ఇవ్వు. మన దగ్గర ఫార్మ్.డి పిల్ల రాత్రి షిఫ్టులో కంప్యూటర్ ముందుంది. వరండా పొడుగునా వరసకట్టిన జనం ముందు నేనొక్కతెనే ఉన్నాను. ఆమెకు చదువుంది, నాకు కిటికీ ఉంది. ఈ రెండింటినీ కలపడం కంటే పెద్ద శిక్షణ పథకం ఏముంటుంది? ఒక మందు కనిపెట్టడానికి ఒక సుబ్బారావు చాలు. దాన్ని సరిగ్గా వేయించడానికి ఊరికొకరు కావాలి.

బయటికొస్తే లంకా రోడ్డుకు ఒకవైపంతా మందుల షాపులే. సర్ సుందర్‌లాల్ ఆసుపత్రికి బీహారు నుంచి, జార్ఖండ్ నుంచి కూడా రోగులొస్తారు. చేతుల్లో ఎక్స్‌రే కవర్లు, భుజాన మూటలు. ఒక షాపు ముందు పావుగంట నిలబడ్డాను. చీటీ లోపలికి పోతుంది, సంచి బయటికొస్తుంది, డబ్బు లోపలికి పోతుంది. మధ్యలో మాట లేదు. వాళ్ళని ఏమనగలను? పాతికేళ్ళు నేను చేసిందీ అదే.

సాయంత్రం సత్రానికి చేరేసరికి అక్కయ్య నా ఉద్యోగం సంగతి అందరికీ చెప్పేసింది. గుడివాడ నుంచి వచ్చిన ఒక పిన్నిగారు కొంగున ముడివేసిన మందుల పొట్లం విప్పి నా ముందు పెట్టింది. బీపీ, షుగరు, గుండెకు ఒకటి, గ్యాసుకు ఒకటి. ప్రయాణంలో అన్నీ కలిసిపోయాయట. నిన్నటి నుంచి షుగరు బిళ్ళ రెండుసార్లు పడిందో అసలు పడలేదో ఆవిడకే తెలియడం లేదు. వరండాలో చాప వేసుకుని కూర్చున్నాను. చీటీ చూసి ఒక్కో షీటూ విడదీశాను. పొద్దుటి దానికి సూర్యుడి బొమ్మ, రాత్రి దానికి చంద్రవంక, అన్నానికి ముందైతే ఖాళీ గిన్నె, తరువాతైతే నిండు గిన్నె వేశాను. వేశాక, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి పిన్నిగారూ" అన్నాను. ఆవిడ సిగ్గుపడింది. "నువ్వు చెప్పావుగా అమ్మాయీ, మళ్ళీ నేనెందుకు?" అంది. "నేను సరిగ్గా చెప్పానో లేదో నాకు తెలియాలి కదండీ" అన్నాను. ఆ మాటకు ఆవిడ కుదురుగా కూర్చుని, పాఠం అప్పజెప్పినట్టు నాలుగూ చెప్పింది. ఒకటి తప్పింది. మళ్ళీ చెప్పింది.

ఆమె వెనక ఇంకొకరు. ఇంకొకరు. దీపాలు పెట్టే వేళకి వరండాలో చిన్న వరసే కట్టింది.

నాలుగో రోజు దశాశ్వమేధ ఘాట్‌లో హారతి చూసి, దారిలో అరడజను అరటిపళ్ళు కొనుక్కుని ఆలస్యంగా వచ్చాం. సత్రంలో కొత్త బృందం దిగినట్టుంది, గుమ్మం నిండా చెప్పులు. వరండాలో నేను నిన్న కూర్చున్న చాప మీదే గుడివాడ పిన్నిగారు కూర్చుని ఉంది. ఎదురుగా ఎవరో కొత్తావిడ, ఒళ్ళో మందుల సంచి. పిన్నిగారి చేతిలో నా పెన్ను.

"గిన్నె బొమ్మ సంగతి సరే వదినా," అంటోంది, "ముందు నువ్వు చెప్పు, ఏది ఎప్పుడు వేసుకుంటావో. నువ్వు చెబితేగాని నే చెప్పింది నీకు చేరినట్టు కాదు."